గొంగడి ఎత్తిన మలుపు

పుస్తకం చదివి కోటలు చూడబోయినవాళ్ళుంటారు, నదులు చూడబోయినవాళ్ళుంటారు. నేను ఒక కల్వర్టు వెతుక్కుంటూ పోయాను. డిండి దాటి కల్వకుర్తికి పోయే రోడ్డు మీద, పసుపు రాసిన మైసమ్మ రాయికి ఎదురుగా ఉంటుంది అది. రోజూ దాని మీదుగా ఎన్ని బండ్లు పోతాయో, ఏదీ ఆగదు. ఆగి చూసేంత చక్కనిదీ కాదు. మూడు రోజుల్లో నేను అక్కడ మూడుసార్లు ఆగాను. ఆ మూడుసార్లూ ఆపినందుకు దేవుడికి దండం పెట్టుకుని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

నాకు కార్లంటే చిన్ననాటి నుంచీ ప్రాణం. బాపుకు నార్కట్‌పల్లి చౌరస్తాలో పంక్చర్ల దుకాణం ఉండేది. అమ్మ తొందరగా పోయింది. తమ్ముళ్ళను చూసుకునే పని నా మీద పడి నేను బడికి పోలేదు. బాపే చదువు చెప్పాడు. నంబర్ ప్లేట్లతో అంకెలు, లారీల వెనక రాతలతో అక్షరాలు. అవి వచ్చాక పక్క చాయ్ హోటల్లో పాతబడిన వారపత్రికలు తెచ్చి చేతిలో పెట్టేవాడు. అందులో కార్ల గురించి ఒకాయన వారం వారం ఒక పేజీ రాసేవాడు. కొత్త బండి ఏది వచ్చినా దాన్ని నాలుగు ఊళ్ళు తిప్పి మంచీ చెడ్డా రాయడం ఆయన పని. ఒక కారు గేరు పడే తీరు గురించి, పెట్టెకు మూత సరిగ్గా కూర్చున్నట్టుంటుందని రాశాడు. ఇంకో ఇంజను పొద్దున లేపితే ముసలాయనలా దగ్గుతుందట, ఒకసారి లేచాక ఇంటిల్లిపాదికీ చాకిరీ చేస్తుందట. అవి చదివి నేను ఎక్కని కార్లను కూడా తోలినట్టే ఉండేది. పెళ్ళయి నల్లగొండ పక్కన పానగల్ వచ్చాక కూడా ఆ పేజీ మానలేదు. నలభై ఏడేళ్ళ వయసులో లైసెన్సు తీసుకుని, కోళ్ళు అమ్మి, కుట్టుపని చేసి కూడబెట్టుకున్న దానితో పాత చిన్న కారు కొనుక్కున్నానంటే సగం పుణ్యం బాపుది, సగం ఆయనది.

పోయిన దసరాకు నా మేనకోడలు ఆయన జ్ఞాపకాల పుస్తకం తెచ్చిచ్చింది. అట్ట మీద ఒక పాత హెడ్‌లైటు బొమ్మ. ముందుమాట ఆయన బిడ్డ రాసింది. పుస్తకం అచ్చయ్యేలోపే నాన్న పోయాడని అందులో ఉంది. ఆ మాట చదివి ఆ రోజు దీపం దగ్గర ఆయన పేరు కూడా చెప్పుకున్నాను. తర్వాత రోజుకు పది పేజీల చొప్పున, అయిపోతుందేమోనని ఆగి ఆగి చదువుతూ వచ్చాను.

నడుమ ఒకచోట మా ఊళ్ళు వచ్చాయి. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు ఆయన ఒక కొత్త కారును నార్కట్‌పల్లి నుంచి పాలమూరు దాకా తోలాడు. డిండి దాటాక ఒక మలుపులో రోడ్డు పక్కన ఒకామె రెండు చేతులతో నల్ల గొంగడి పైకెత్తి నిలబడింది. దారి పొడుగునా జనం చేతులూపి బండి ఎక్కించుకోమని అడుగుతూనే ఉన్నారట, ఈమె కూడా అందుకే అనుకున్నాడు. కన్ను స్పీడు చూపే ముల్లు మీద ఉంది. ఆమె వెనక నుంచి గొర్రెలు రోడ్డు దాటుతున్నాయి. కొమ్ములకు పసుపు పూసిన ఒక పొట్టేలు బండి కింద పడింది. దిగి ముందు కారుకు పడిన సొట్ట చూశానని, తర్వాతే పొట్టేలును చూశానని ఆయనే రాసుకున్నాడు. ఆమె రోడ్డు మీద కూర్చుని ఇత్తడి చెంబుతో దాని నోట్లో నీళ్ళు పోసిందట. “చెంబు అంచుకు బొటనవేలంత సొట్ట ఉంది. కారు సొట్టను చూసిన కన్నే ఆ సొట్టనూ చూసింది, ఆమె ముఖం మాత్రం చూడలేదు” అన్నాడు. ఆ వారం పత్రికలో మాత్రం, కాపరి నిర్లక్ష్యంగా గొర్రెలను రోడ్డు మీదికి తోలిందని రాశాడు. ఇప్పుడు ఈ పుస్తకంలో: “ఆమె ఆగమంది. నేను ఆగలేదు. తప్పు నాది. ఆమె మీద వేశాను. పేరు కూడా అడగలేదు.”

ఆ పత్రిక పేజీ నాకు బాగా గుర్తుంది. అప్పట్లో మా ఇంటాయనకు చదివి వినిపించి, ఈ గొర్లోళ్ళకు రోడ్డంటే లెక్కే లేదు అన్నది నేనే. ఎవరో తెలియని ఒక ఆడమనిషిని, కన్ను మూసి తెరిచేలోపు, నా ఇంట్లో కూర్చుని తప్పుపట్టాను. రాసినాయన లేడు. చదివిన దాన్ని నేనున్నాను. ఆమెను వెతికి ఆ పేజీ చదివి వినిపించాలనుకున్నాను.

నార్కట్‌పల్లి చౌరస్తా

తోడుకు మా ఆడబిడ్డ యాదమ్మ వచ్చింది. నాకన్నా ఆరేళ్ళు పెద్ద. బండెక్కితే కళ్ళు మూసుకుంటుంది గానీ నోరు మూసుకోదు. పొద్దున పానగల్ గుళ్ళో శివయ్యకు దండం పెట్టుకుని వచ్చి, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాను. ఆమె చూస్తూ ఉంది.

“వదినె, నాలుగు పెట్టినవు. వెనక డిక్కీల ఒకటున్నది గద, దానికేది?”

స్టెప్నీకి ఎవరూ నిమ్మకాయ పెట్టరని చెప్పాను. అవసరం పడ్డప్పుడు తెలుస్తదిలే అంది.

పుస్తకంలో ప్రయాణం మొదలైంది చౌరస్తా నుంచి కాబట్టి, మేము పాలమూరు పోవాల్సినవాళ్ళం వెనక్కి నార్కట్‌పల్లి పోయాం. ఇరవై నిమిషాలు ఎదురు ప్రయాణం ఎందుకని యాదమ్మ గొణిగింది. బాపు దుకాణం ఉన్న జాగాలో ఇప్పుడు పెద్ద హోటల్, ముందు యాభై కార్లు పట్టే స్థలం. చాయ్ పదిహేను రూపాయలు, కప్పు బొటనవేలంత. తాగుతూ అలవాటు చొప్పున పక్కనున్న లారీ టైర్లను ఇనుప చువ్వతో తట్టుకుంటూ పోయాను. గాలి నిండుగా ఉంటే చువ్వ ఎగిరి మోగుతుంది, తక్కువుంటే మొద్దుగా పలుకుతుంది. బాపు నేర్పిన మొదటి పాఠం అది. వెనక లోపలి టైరు మెత్తగా ఉందని డ్రైవరుకు చెప్పాను. అతను నవ్వి, సరేనమ్మా అన్నాడు. నేను కారు దగ్గరికి వచ్చి వెనక్కి చూస్తే, తన బండిలోని చువ్వ తీసుకుని అతనే వంగి తడుతున్నాడు. నవ్వడం లేదు.

దేవరకొండ

నల్లగొండ దాటి దేవరకొండ రోడ్డు పట్టాక భూమి మారుతుంది. మా వైపు కాలువ నీళ్ళు, వరి. ఇటు పోయిన కొద్దీ ఎర్ర నేల, పత్తి, కందులు, ఎవరో తెచ్చి పేర్చినట్టు బండరాళ్ళు. ఈ రాళ్ళ నడుమ కారు చప్పుడు రెండుసార్లు వినిపిస్తుందని, ఒకటి ఇంజనుది, ఇంకొకటి రాయి తిరిగి ఇచ్చేదని పుస్తకంలో ఉంది. అద్దాలు దించి విన్నాం. నిజమే. యాదమ్మ కూడా కళ్ళు తెరిచి వింది. నేను ఈ దారిలో పెళ్ళిళ్ళకు, చావులకు ఎన్నిసార్లు పోయానో. ఆ రెండో చప్పుడు ఎన్నడూ వినలేదు. ఉన్నదాన్నే చూపించేవాళ్ళకు ఎంత రుణపడి ఉంటామో అప్పుడనిపించింది.

దేవరకొండలో ఖిల్లా గుట్ట కనబడేచోట రోడ్డు పక్కన ఒకామె జొన్నరొట్టెలు కొడుతోంది. మేము మా వైపు పీట మీద గుడ్డ వేసి కొడతాం, ఆమె ఉత్త అరచేతుల మధ్యే గాలిలో తిప్పుతూ పెద్దది చేసింది. రొట్టె పన్నెండు రూపాయలు, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ ఊరికే. మేము ఎటు పోతున్నామని అడిగింది. చెబితే, తప్పు చేసినాయన రాకపాయె, చదివినామె పోవట్టె అని ఇంకో రొట్టె వేసింది. దానికి పైసలు తీసుకోలేదు.

మైసమ్మ మలుపు

డిండిలో నీళ్ళు చూసి, చాయ్ తాగి (ఇక్కడ పది రూపాయలు, కప్పు కూడా పెద్దదే), పుస్తకంలోని గుర్తులు పట్టుకుని మెల్లగా తోలాను. మైసమ్మ రాయి, దాని పక్కన వేపచెట్టు, ఎదురుగా తక్కువ ఎత్తు గోడల కల్వర్టు. అన్నీ రాసినట్టే ఉన్నాయి. దిగి మైసమ్మకు మొక్కుకున్నాను. తిరిగి కారెక్కి పది గజాలు పోయానో లేదో, స్టీరింగు ఎడమకు లాగింది. దిగి చూస్తే ముందు టైరులో తుమ్మముల్లు. ఆ వైపు గొర్రెల దొడ్లకు ముళ్ళకంపతో కంచె వేస్తారు, కంప లాక్కుపోతుంటే ముళ్ళు రోడ్డు మీద రాలతాయి.

“ఐదో నిమ్మకాయ పెట్టుమన్న” అంది యాదమ్మ. కల్వర్టు గోడ మీద కూర్చుని చీర కొంగుతో విసురుకోవడం మొదలుపెట్టింది.

నేను జాకీ తీశాను. బోల్టులు విప్పుతుంటే కల్వర్టు అవతల నుంచి గొర్రెల గజ్జెల చప్పుడు, వాటి వెనక ఒక ముసలామె. డెబ్బై దాటి ఉంటుంది. భుజం మీద గొంగడి, చేతిలో కట్టె, ఒక్కో అడుగు మోకాలు పట్టుకుని వేస్తోంది. ముప్పై దాకా జీవాలు. ఆమె వచ్చి నా పక్కన నిలబడి, టైరు విప్పి, స్టెప్నీ ఎక్కించి, కాలితో పానా తొక్కి బోల్టులు బిగించేదాకా నా చేతుల వైపే చూసింది.

“గిదెవరు నేర్పిండ్రే నీకు?”

“మా బాపు, అవ్వా. పంక్చర్లు ఏస్తుండె.”

“మంచిగ నేర్పిండు” అని గోడ మీద కూర్చుంది. పేరు మల్లవ్వ. ఇల్లు మలుపు వెనక ఉన్న కురుమ గూడెంలో. చెంబులో నీళ్ళిచ్చింది. చెయ్యి కడుక్కునే తొందరలో నేను చెంబు వైపు చూడలేదు. తమ వైపు పద్ధతి చెప్పింది. పంట తీశాక రైతులు పిలిచి పొలంలో మందను నిలుపుకుంటారట, ఎరువుకు. బదులుగా గింజలు ఇస్తారట. మా వైపు అది పోయి చాలా కాలమైంది, అంతా బస్తాల ఎరువే. ఈ వయసులో మీరే తోలాలా అని అడిగాను. కొడుకు హైదరాబాదులో మేస్త్రి పనికి పోయాడని చెప్పింది. కోడలు లేదా అన్నాను.

“ఉన్నది. దాన్ని జీవాల దగ్గరికి రానియ్య.”

అప్పుడు నేను అడగాల్సింది అడిగాను. చాలా ఏండ్ల కింద ఈ మలుపులో ఒక పొట్టేలు కారు కింద పడిందా అని. ఆమె ముఖం గట్టిపడింది. నువ్వెవరు, కేసా, నోటీసు తెచ్చినవా అని లేచింది. యాదమ్మ కల్పించుకుని, కేసూ లేదు, ఏం లేదు, ఈమెకు కార్ల పిచ్చి, పుస్తకాల పిచ్చి, రెండూ కలిసి ఇక్కడికి తెచ్చినయని చెప్పింది. ముసలామె మళ్ళీ కూర్చుంది గానీ కట్టె వదల్లేదు.

“మా బీరప్ప దేవునికి ఇడ్సిన పొట్టేలది. మూడేండ్లు సాదినం. పండుగ వారం రోజులున్నదనంగ నా కోడలు రోడ్డు మీదికి తోలి సంపింది. దిక్కులేని దాని లెక్క రోడ్డు మీద పడి సచ్చింది. గా సంది మా ఇంట్ల ఒక్కటి సక్కగ కాలే. మా ముసలోడు వాయె, బోరు ఎండె. దాని చెయ్యి మంచిది గాదు.”

పుస్తకం నా సంచిలోనే ఉంది. చెయ్యి దాని మీదికి పోయింది, మళ్ళీ తీసేశాను. ఇది ముందు ఎవరికి రావాలి? గొంగడి ఎత్తినామెకు. ఆమె వినకముందే ఆమె ముచ్చట ఇంకొకరి ముందు విప్పడం సరికాదనిపించింది. కోడలు ఎక్కడుందని అడిగాను. పేరు అంజమ్మ అని, సీతాఫలాల కాలంలో పాలమూరు మార్కెట్లో కాయలు ఏరే పనికి పోతుందని, తమ్ముడి ఇంట్లో ఉంటుందని చెప్పింది. ఎందుకని మాత్రం అడగలేదు.

ఆ రాత్రికి కల్వకుర్తిలో ఆగాం. పంక్చర్ వేయించుకుని, ఐదో టైరు కింద కూడా నిమ్మకాయ పెట్టాను.

పాలమూరు మార్కెట్టు

జడ్చర్ల మీదుగా పాలమూరు చేరేసరికి పది దాటింది. మార్కెట్టు బయటి నుంచే సీతాఫలాల వాసన. తట్టలు, గంపలు, ఆటోల నిండా కాయలు. మా నల్లగొండలో నాలుగు కాయలు డజను ధరకు అమ్ముతారు, ఇక్కడ తట్ట రెండు వందల యాభై అన్నారు. యాదమ్మ బేరం చేసి రెండు వందలకు తెచ్చి, ఇచ్చినాయన నవ్వుతూ ఇచ్చాడు కాబట్టి ఇంకా తగ్గించాల్సిందని బాధపడింది.

ఒక రేకుల షెడ్డు కింద ఇరవై మంది ఆడవాళ్ళు కాయలు ఏరుతున్నారు. అంజమ్మ అంటే చివర కూర్చున్నామెను చూపించారు. నలభై లోపు ఉంటుంది, బక్కపలచని మనిషి. చేతులు ఆగకుండానే మాట్లాడింది. కాయ మీద కళ్ళు విచ్చుకుంటే ఈ రోజు అమ్మాలె, నడుమ తెల్లగీత కనబడితే రేపటికి, కళ్ళు దగ్గరగ ఉంటే హైదరాబాదుకు అని చెప్పింది. చూడకుండానే వేలితో తడిమి పక్కకు వేస్తోంది. నా టైర్ల చువ్వ గుర్తొచ్చింది. పని తెలిసిన చెయ్యి ఎక్కడైనా ఒకటే తీరుగా ఉంటుంది. ఈ చేతినేనా మంచిది కాదన్నారు అనుకున్నాను.

మీ మలుపు నుంచి వస్తున్నామని, మీ అత్తను చూశామని చెప్పాను. అత్తకు ఏమైనా అయిందేమోనని భయపడింది. లేదు, ఒక పుస్తకంలో నీ గురించి రాసి ఉందని చెప్పాను. ఆమె నన్ను, యాదమ్మను మార్చి మార్చి చూసింది. మధ్యాహ్నం సద్దన్నం వేళకు వస్తానంది.

కారులో ముందు సీట్లో కూర్చోబెట్టాను. మెల్లగా, ఒక్కొక్క వాక్యం ఆగి చదివాను. గొంగడి దగ్గరికి వచ్చేసరికి ఆమె చేతులు ఒళ్ళో ముడుచుకుంది. చెంబు దగ్గర తల వంచింది. అయిపోయాక నేనూ నా మాట చెప్పాను. పత్రికలో చదివి నేను కూడా నిన్నే తప్పుపట్టాను అంజమ్మా అని. నా పేరు కూడా ఆమెకు తెలియదు, అయినా చేతులు జోడించాను.

ఆమె నా చేతులు దింపింది.

“ఆయన ఉన్నడా అక్కా?”

“లేడు. పోయిండు.”

“పాపం. ఇన్నేండ్లు ఆయన గూడ మోసిండు” అంది. ఇంకాసేపటికి, “గిది నాకెరికే గద. గొంగడి ఎత్తింది నేనే, నీళ్ళు వోసింది నేనే. నాకెందుకు సదువుతవు? మా అత్తకు సదువు.”

ఎప్పుడూ చెప్పలేదా అని యాదమ్మ అడిగింది. మొదటి రోజు చెప్పిందట, గొంగడి ఎత్తిన, ఆపలే అని. కారోళ్ళు చదువుకున్నోళ్ళు, వాళ్ళకు కండ్లు కనవడయా అన్నదట అత్త. దాని తర్వాత మళ్ళీ నోరెత్తలేదు. బిడ్డ పుట్టి పోయినప్పుడు కూడా ఆ పొట్టేలు మాటే వచ్చిందట. ఇది చెబుతున్నప్పుడు మాత్రం కిటికీ వైపు తిరిగింది.

“పుస్తకం గూడ నమ్మకపోతే ఇగ గా ముచ్చట నేను సచ్చేదాక ఎత్త. జర ఆలోచన జేసి సదువు అక్కా.”

అప్పటిదాకా నాకు ఇది ఒక మంచి పని అనిపించింది. ఆ మాటతో భయం పట్టుకుంది. పుస్తకం మూసేస్తే, అత్త ఎప్పటికైనా నమ్ముతుందన్న ఆశైనా ఆమెకు ఉంటుంది. తెరిచి, ముసలామె కాదంటే, అదీ పోతుంది. ఆ రాత్రి లాడ్జిలో యాదమ్మ పడుకున్నాక దేవుణ్ణి ఒక్కటే అడిగాను. నాకు చదవడం నేర్పావు, రేపు సరిగ్గా చదివించు అని.

మల్లవ్వ ఇంటి ముందు

మూడో రోజు పొద్దున అంజమ్మను ఎక్కించుకుని వెనక్కి బయలుదేరాం. నడిచే కారులో ముందు కూర్చోవడం ఆమెకు మొదటిసారి. మలుపు వచ్చిన ప్రతిసారీ తనే బ్రేకు తొక్కినట్టు కాలు నేలకు అదిమింది. మైసమ్మ దగ్గర ఆగి ముగ్గురం దండం పెట్టుకున్నాం. గూడెంలోకి మట్టి బాట. మల్లవ్వ గడప దగ్గర గొర్రెపిల్లకు సీసాతో పాలు తాగిస్తోంది. కోడలు కారు దిగడం చూసి ఆ పని ఆపలేదు.

నీకు ఒకటి చదివి వినిపించాలి అవ్వా అన్నాను. చదువు అంది. కటిక నేల మీద కూర్చుని చదివాను. ఆమె పిల్ల నోట్లో సీసా అలాగే పట్టుకుని వింది. మొత్తం విని చెప్పింది:

“కాయిదం మీద ఎవరేమన్న రాస్తరు. ఇదే నీతోని రాయించిందేమో. నిన్న మొన్న కలిసిండ్రు గద ఇద్దరు.”

అంజమ్మ ముఖం చూడలేకపోయాను. యాదమ్మ ఏదో అనబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. నేను చేయగలిగింది ఒక్కటే, రాసింది రాసినట్టు చదవడం. ఇంకోసారి వింటావా అవ్వా అని, సమాధానం రాకముందే మొదలుపెట్టాను. ఈసారి నీళ్ళు పోసిన చోటు దాటబోతుంటే ముసలామె ఆపింది.

“ఏం జెంబన్నవు?”

“ఇత్తడి చెంబు. అంచుకు బొటనవేలంత సొట్ట.”

ఆమె గొర్రెపిల్లను కింద దింపింది. గడప పట్టుకుని లేచి లోపలికి పోయింది. ఇంతసేపు ఎందుకో అనిపించేంత సేపటికి వచ్చింది. చేతిలో, మొన్న కల్వర్టు దగ్గర నాకు నీళ్ళిచ్చిన చెంబే. తిప్పి అంచు చూపించింది. బొటనవేలు పెడితే సరిగ్గా కూర్చునేంత సొట్ట. తన పెళ్ళినాడు పుట్టింటివాళ్ళు పెట్టింది, కొడుకు చిన్నప్పుడు బండ మీద పడేశాడు, ఈ సంగతి ఈ గూడెం బయట ఎవరికీ తెలియదు అంది. ఆ మాట నాతో అనలేదు, చెంబుతో అన్నట్టు అంది.

కార్లను చూసీ చూసీ సొట్టల మీదే పడే ఆ పెద్దాయన కన్నుకు అక్కడే మనసులో మొక్కాను. ముఖం చూడలేదని ఆయన బాధపడ్డాడు. చూసినదే ఇప్పుడు పనికొచ్చింది.

మల్లవ్వ కోడలి వైపు తిరిగింది. నాకు తెలిసి మేము వచ్చాక మొదటిసారి.

“నీళ్ళు వోసినవా దానికి?”

“వోసిన.”

“పాణం ఉండంగనే?”

“ఉండంగనే. రెండు గుక్కలు మింగింది.”

“సెప్పకపోతివి.”

“నువ్వు అడగకపోతివి అత్తా.”

ముసలామె చెంబును కొంగుతో తుడుస్తూ చాలాసేపు కూర్చుంది. దేవుని పొట్టేలు దిక్కులేకుండా, గొంతు ఎండి చచ్చిందనే ఆమె ఇన్నేళ్ళూ అనుకుంది. తప్పు ఎవరిదన్న దానికన్నా ఆ రెండు గుక్కలే ఆమెను ఎక్కువ కదిలించాయని నాకు అర్థమైంది. మా ఇంట్లో కూడా పోయేవాళ్ళ నోట్లో నీళ్ళు పోస్తాం. అంతకు మించి ఎవరం ఏం చేయగలం.

కాసేపటికి, ఆ పుస్తకం ఇక్కడ ఇడ్సిపోతవా అని అడిగింది. మీకు చదవరాదు కదా అవ్వా అనే మాట నాలుక చివరిదాకా వచ్చి సిగ్గుపడ్డాను. ఇంకా నలభై పేజీలు చదవాల్సి ఉంది నాకు, వాటిలో అంబాసిడర్ కారు గురించి ఒక అధ్యాయం కూడా ఉంది. ఇచ్చేశాను. ఆమె పసుపుగుడ్డలో చుట్టి బీరప్ప గూట్లో, గంట పక్కన పెట్టింది. హెడ్‌లైటు బొమ్మ కొంచెం కనబడుతూ ఉంది. పెద్దాయన ఉంటే నవ్వేవాడో ఏడ్చేవాడో.

తర్వాత దొడ్డి వైపు పోయి, మూలన ఉన్న కట్టె తెచ్చి కోడలి ముందు పెట్టింది. భుజం మీది గొంగడి తీసి ఆ కట్టె మీద వేసింది.

“నా మోకాళ్ళు ఇగ నడువయ్. నీళ్ళకు తోలుకపో.”

మాకు మక్కలు ఉడకబెట్టి గుడాలు పెట్టింది, ఉప్పు వేసి, నెయ్యి వేసి. అంజమ్మ పోతూ పోతూ గొంగడి అంచు నుంచి ఒక నల్ల ఊలు పోగు తెంపి నా చేతికి ఇచ్చింది. ఆ వైపు బండ్లకు దిష్టి తగలకుండా అదే కడతారట. మా వైపు నిమ్మకాయలు, మిరపకాయలు. ముందు అద్దానికి కట్టుకున్నాను.

కల్వర్టు మీద

గూడెం నుంచి రోడ్డు ఎక్కి మలుపు తిరిగేసరికి ఎదురుగా ఆమె ఉంది. కల్వర్టు పక్కన, మైసమ్మకు ఎదురుగా, రెండు చేతులతో గొంగడి పైకెత్తి. వెనక గొర్రెలు రోడ్డు మీదికి దిగుతున్నాయి, అవతల చెలకలో నీళ్ళ తొట్టి ఉంది. నేను బ్రేకు తొక్కి, గేరు తీసి, ఇంజను కూడా ఆపేశాను. అంజమ్మ నన్ను చూసినట్టు లేదు. ఆమె కళ్ళు రోడ్డుకు ఆ చివర నుంచి ఈ చివరదాకా తిరుగుతున్నాయి.

గొర్రెలు కారును రెండు వైపులా ఒరుసుకుంటూ పోయాయి. మా వెనక ఒక కొత్త తెల్ల కారు వచ్చి ఆగి, హారను కొట్టింది. మళ్ళీ కొట్టింది. పక్కకు తీసి ముందుకు పోవాలని చూస్తోంది. మూడు రోజులూ బండిలో కళ్ళు మూసుకుని కూర్చున్న యాదమ్మ తలుపు తీసుకుని దిగి, పోయి ఆ కారుకు అడ్డంగా నిలబడింది. తోలేవాడు అద్దం దించాడు, నల్లద్దాల కుర్రమనిషి.

“ఆమెకేం గావాలె, లిఫ్టా?” అని అడిగాడు.

“కాదు బిడ్డా” అంది యాదమ్మ. “ఆగుమంటున్నది.”